‘ఖాళీ భూమి’ అని నేనే రాయించాను

మొన్నామధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరరుగా కొత్తగా చేరిందట. "మేడం, మీ పాత నోట్సు ఏమైనా ఉంటే ఇస్తారా? సిలబస్ తొందరగా అయిపోతుంది" అంది. మర్యాదగానే అడిగింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "లేవమ్మా, కాల్చేశాను" అని ఫోన్ పెట్టేశాను.

కాల్చిన మాట నిజమే. ఎందుకు కాల్చానో చెప్పకుండా ఫోన్ పెట్టేయడం మాత్రం తప్పు. ఆమెకూ, ఆమెలాగా చాక్‌పీసు పట్టుకోబోయే మిగతావాళ్ళకూ ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా చరిత్ర చెప్పాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. ఒక పాఠం, ఒక అమ్మాయి, నా తప్పులు, అంతే. కోపం కూడా ఉంటుంది. వయసు మీద పడితే కోపం చల్లారుతుందని అంటారు. నాకు చల్లారలేదు.

పులివెందులలో పట్టుకున్న అలవాటు

మాది ప్రొద్దుటూరు. నాన్న దర్జీ. అన్న చిన్న వయసులోనే కువైట్ పోయాడు. మా ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఎం.ఏ. పూర్తవగానే పులివెందులలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది. బి.ఏ. చివరి సంవత్సరం పిల్లలకు అమెరికా చరిత్ర పేపరు చెప్పమన్నారు. అందులో ఒక యూనిట్, పందొమ్మిదో శతాబ్దంలో తెల్లవాళ్ళు తూర్పు తీరం నుంచి పడమటికి జరుగుతూ పోయి కొత్త భూములు ఆక్రమించుకోవడం గురించి. దాని గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసినదే. టోపీ, గుర్రం, తుపాకీ.

కాలేజీ కరస్పాండెంటుకు ఊరి బయట చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉండేవి. తోట నుంచి నేరుగా స్టాఫ్ రూముకు వచ్చేవాడు. నేను చేరిన వారానికి ఒక మాట చెప్పాడు.

"ఏమ్మా, పిల్లోల్లకు కతలు చెప్పాకు. నోట్సు ఇయ్యి, బట్టీ పట్టించు, పాసు చేయించు. అమెరికా ఎట్లుంటే మనకేంది? మార్కులు రావల్ల."

నేను తల ఊపాను. ఇరవై నాలుగేళ్ళ దాన్ని, ఉద్యోగం కావాలి. ఒక పాత గైడు, ఒక ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని నోట్సు తయారు చేశాను. ఆ యూనిట్‌లో మొదటి వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "అమెరికా పశ్చిమ ప్రాంతం ఆనాడు ఖాళీ భూమి, సాహసవంతులైన వలసదారులు అక్కడికి తరలివెళ్ళి నాగరికతను నెలకొల్పారు." ‘సాహసవంతులైన’ అనే మాట నా సొంతం. పాత గైడులో లేదు. దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ వాక్యాన్ని తరగతిలో మూడుసార్లు చెప్పి రాయించేదాన్ని. మూడోసారి చెప్తున్నప్పుడు కామా దగ్గర ఆగేదాన్ని. పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవారు. ఒక్కడూ తల ఎత్తేవాడు కాదు. అది క్రమశిక్షణ అనుకున్నాను.

పాసైన పిల్లల శాతం పెరిగింది. గైడ్లు అచ్చువేసే ఒకాయన ప్రొద్దుటూరులో మా వీధి చివర ఉండేవాడు. ఆయన వచ్చి నా నోట్సు పట్టుకుపోయి పుస్తకంగా వేశాడు. నా పేరు వేయలేదు. అప్పుడు బాధపడ్డాను. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ పేరు లేకపోవడం చాటున దాక్కున్నాను. ఆ గైడు జిల్లా దాటి పోయింది. నేను ఎన్నడూ చూడని కాలేజీల్లో నేను ఎన్నడూ చూడని పిల్లలు నా వాక్యం బట్టీ పట్టారు.

కరస్పాండెంటును నేనేమీ అనను. ఆయన చదువుకున్నవాడు కాదు, వ్యాపారం చేసుకున్నాడు. చదువుకున్నది నేను. ఆ దేశంలో నిజంగా ఏం జరిగిందో ఒక్కరోజు కూడా వెతకని చరిత్ర ఎం.ఏ.ని నేను.

దున్నల పేడ, మట్టి ఇళ్ళు

తర్వాత ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళు అటూ ఇటూ తిరిగి జమ్మలమడుగు డిగ్రీ కాలేజీకి చేరాను. రోజూ ప్రొద్దుటూరు నుంచి బస్సు. ఒకసారి లైబ్రరీలో చెదలు పట్టిన పుస్తకాలను బయట పడేయడానికి కుప్ప పోశారు. అందులో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేతికి తగిలింది. అమెరికా పడమటి మైదానాలకు వలస పోయిన ఆడవాళ్ళు రాసుకున్న ఉత్తరాలు, డైరీలు. బస్సులో చదువుదామని సంచిలో వేసుకున్నాను.

ఆ పుస్తకం నన్ను చెంప మీద కొట్టింది. అందులో తుపాకీలు దాదాపు లేవు. చెట్టు లేని మైదానంలో పొయ్యిలోకి కట్టెలు లేక, అడవి దున్నలు వేసిన పేడ ఎండితే గోనె సంచుల్లో ఏరుకొచ్చుకున్న ఆడవాళ్ళున్నారు. మొదట్లో రెండు పుల్లలతో పట్టి ఎత్తేవారట. తర్వాత గౌను అంచుతో. ఆ తర్వాత ఒట్టి చేత్తో. చివరికి చేయి దులుపుకుని అదే చేత్తో పిండి కలిపేవారట. ఇంటికి కలప దొరక్క గడ్డి వేళ్ళతో సహా నేలను పెళ్ళలుగా కోసి, ఇటుకల్లా పేర్చి గోడ కట్టారు. పైకప్పూ ఆ మట్టే. వాన బయట ఒకరోజు కురిస్తే ఇంట్లో మూడురోజులు కురిసేదని ఒకామె రాసింది. కప్పులోంచి పాములు మంచం మీద పడేవి. మిడతల దండు వచ్చిన ఏడు పైరు, కూరగాయలు, ఆరేసిన బట్టలు కూడా మిగల్లేదు. ఐదేళ్ళు కాపురముండి సేద్యం చేస్తే నూట అరవై ఎకరాలు నీదే అని ప్రభుత్వం చెప్పిన మాట నమ్మి వచ్చినవాళ్ళలో ఎందరో ఆ ఐదేళ్ళూ నిలవలేక వెనక్కి పోయారు. పశువులు తోలిన కౌబాయ్‌లలో నల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు ఎందరో ఉన్నారు. రైలు దారి కోసం కొండలు తొలిచిన కూలీల్లో చైనావాళ్ళున్నారు. సినిమాల్లో వీళ్ళెవరూ కనబడరు. నా నోట్సులోనూ కనబడలేదు.

మరుసటి రోజు తరగతిలో నోట్సు తెరవలేదు. పేడ సంగతి చెప్పాను. వెనక బెంచీలు కూడా ముందుకు వంగాయి.

"మేడం, తెల్లోల్లు పిడకల మీద వండుకున్న్యారా?" అని ఒకడు లేచాడు.

"వండుకున్నారు."

"మాయవ్వకు చెప్తే నమ్మదు మేడం!"

ఇంకొకడు అందుకున్నాడు. "మా మట్టిమిద్దె గూడా అంతే మేడం. ఏటా చౌడుమన్ను పోసి తొక్కకపోతే కారతానే ఉంటాది. వాళ్ళకు చౌడుమన్ను తెలీదేమో."

గదంతా నవ్వింది. పదేళ్ళలో మొదటిసారి నా తరగతిలో పిల్లలు తలెత్తి నన్ను చూశారు. ఆరోజు బస్సులో నిలబడి వచ్చాను, అయినా కాళ్ళ నొప్పి తెలియలేదు.

వారానికల్లా ప్రిన్సిపాల్ పిలిపించాడు. "ఏందమ్మా, హిస్టరీ క్లాసులో పిడకలు కొడతాండారంట? పక్క క్లాసు దాకా నవ్వులు వినపడతాండాయి. సిలబస్ యాడికొచ్చింది?"

"అయిపోతుంది సార్. వాళ్ళ రోజువారీ బతుకు ఎలా ఉండేదో చెప్తున్నాను."

"బతుకు మీద క్వశ్చన్ వస్తాదా?"

రాదు. ఆ మాటే చెప్పాను. "మరెందుకమ్మా?" అన్నాడాయన. ఆయన చెడ్డమనిషి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. అర్థం కాకపోవడమే నాకు కోపం తెప్పించింది. ఇరవై ఏళ్ళ పిల్లవాడు తన మిద్దెను, భూగోళం అవతలి మిద్దెను పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. చదువంటే ఇంకేమిటి?

అయితే ఇక్కడ నన్ను నేను మెచ్చుకోనివ్వను. ఈ కథలన్నీ చెప్పాక, చివర్న పరీక్ష కోసం పాత వాక్యమే రాయించాను. ఖాళీ భూమి. సాహసవంతులు. పుస్తకంలో సగమే చదివి సగమే చెప్పానని తెలిసింది ఒక అమ్మాయి వల్ల.

నాగవేణి

ఆమె పేరు నాగవేణి. రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. పెన్నా ఒడ్డున ఒక ఊరు వాళ్ళది. రిజర్వాయరు కింద మునిగిపోయే ఊళ్ళ జాబితాలో ఉంది. ఊరి పేరు నేను రాయను. ఆ పేరున్న బోర్డు ఇప్పుడు నీళ్ళ అడుగున ఉంది. నాన్న గొర్రెలు కాస్తాడు. వాళ్ళ ఊరి నుంచి డిగ్రీకి వచ్చిన ఇద్దరు ఆడపిల్లల్లో ఈమె ఒకతె.

నేను ఖాళీ భూమి వాక్యం రాయిస్తుంటే ఆమె పెన్ను కింద పెట్టి లేచింది.

"మేడం, ఒక డౌటు. ఆడ అంత పేడ ఉండాదంటే అన్ని ఎనుములు యాడివి? వాటి మీద బతికేటోల్లు ఎవురూ లేరా? ఖాళీ అని రాయిస్తాండారు గదా."

ఎనుములు అంటే మా వైపు గేదెలు. ఆ అమ్మాయి అడవి దున్నలను అలా అనుకుంది. దున్నలేవైనా ప్రశ్న మాత్రం సూటిగా ఉంది. చరిత్ర చదివిన వాళ్ళెవరూ నన్ను అంత సూటిగా అడగలేదు. సమాధానం నా సంచిలోని పుస్తకంలోనే ఉంది, నేను దాటేసిన పేజీల్లో. పీరియడ్ అయిపోవస్తోంది, సిలబస్ వెనకబడింది, పొద్దున్నే ప్రిన్సిపాల్ మళ్ళీ అడిగాడు. నేనన్న మాట ఇది.

"అది సిలబస్‌లో లేదమ్మా. కూర్చో."

కూర్చుంది. మరుసటి రోజు రాలేదు. మూడు వారాలు రాలేదు.

వచ్చినరోజు మెట్ల దగ్గర ఆపి, ఇన్నాళ్ళు ఏమైపోయావని కసురుకున్నాను. నిదానంగానే చెప్పింది.

"ఆఫీసుల చుట్టూ తిరుగుతాండాం మేడం. సర్వేవోల్లు ఊర్లోకి వచ్చిన పొద్దు మా నాయన, మాయమ్మ గొర్లు తోలుకొని కొండ కింద ఉండిరి. నేను ఈడ కాలేజీలో ఉంటి. తమ్ముడు, చెల్లెలు బడికి పోయినారు. తలుపుకు గొళ్ళెం ఏసుండె. ఖాళీ ఇల్లు అని రాసుకొని పోయినారు. లిస్టులో మా పేర్లు లేవు. పునరావాసం ల్యా, ఇంటి జాగా ల్యా."

"పక్కింటి వాళ్ళు చెప్పలేదా?"

"చెప్పినారంట. గొళ్ళెం ఉంటే ఖాళీ అనే రాయల్లంట. ఐదుమందిమి ఉండాం మేడం ఆ ఇంట్లో. మాయవ్వ ఆ ఇంట్లోనే సచ్చిపాయ. ఖాళీ అంటే ఏంది మేడం?"

నాకు ముందు సర్వే చేసినవాళ్ళ మీద కోపం వచ్చింది. వెంటనే నా మీద వచ్చింది. వాళ్ళు ఒక ఇంటిని ఖాళీ అని రాశారు. నేను ఒక ఖండంలో సగాన్ని ఖాళీ అని రాయించాను, అదీ కామా దగ్గర ఆగి మరీ.

ఆ పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇంకా కొన్ని తెప్పించుకున్నాను. తర్వాతి రెండు వారాలు వాటినుంచే చెప్పాను. మిస్సోరి నది ఒడ్డున గుండ్రని మట్టి ఇళ్ళు కట్టుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించిన మండన్ తెగవాళ్ళ గురించి చెప్పాను. వాళ్ళలో పొలాలు ఆడవాళ్ళవే అనేసరికి అమ్మాయిలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దున్నలను లక్షల్లో కాల్చి చర్మం ఒలుచుకుని కళేబరాలు వదిలేస్తే, వాటి మీద బతికేవాళ్ళు లొంగిపోతారని కొందరు సైనికాధికారులు సంతోషించిన సంగతి చెప్పాను. తూర్పున బతికిన చెరకీ తెగవాళ్ళ గురించి చెప్పాను. సొంత లిపి, సొంత పత్రిక, పీచ్ తోటలు ఉన్నవాళ్ళు. అన్నం తింటున్న వాళ్ళను తింటున్నట్టే బాయొనెట్లతో బయటికి నెట్టారు. వాళ్ళు ఊరి మలుపు తిరగకముందే వెనక ఇళ్ళలో దోపిడీ మొదలైంది. పడమటికి నడిపిస్తుంటే దారిలో వేలమంది చచ్చిపోయారు.

ఎవరూ నవ్వలేదు. నాగవేణి ఒక్కొక్క మాటా రాసుకుంది. నేను డిక్టేషన్ ఇవ్వలేదు, అయినా రాసుకుంది.

సంబంధం లేదు

ఆ ఏడు యూనివర్సిటీ పరీక్షలో ఆ యూనిట్ మీదే ఇరవై మార్కుల ప్రశ్న వచ్చింది. నాగవేణి తను విన్నదంతా రాసింది. నాలుగు మార్కులు తక్కువై ఆ పేపరు ఫెయిలైంది. మిగతా అన్నిట్లో మంచి మార్కులు. ఒక్క పేపరు పోయేసరికి డిగ్రీ చేతికి రాలేదు, బి.ఎడ్. సీటుకు ఆ ఏడాది దారి మూసుకుపోయింది.

జవాబు పత్రం నకలు తెప్పించుకున్నాం. ఐదు పేజీల జవాబు. చేతిరాత ముత్యాల్లా ఉంది. దాని మీద ఎర్ర సిరాతో పైనుంచి కిందికి ఒకటే గీత. పక్కన ‘సంబంధం లేదు’. మూడు మార్కులు.

రీవాల్యుయేషన్‌కు పెట్టాం. మార్పు లేదని వచ్చింది. ఆ తర్వాత నాకు స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడినప్పుడు నకలు వెంట తీసుకెళ్ళి చీఫ్ ఎగ్జామినర్ బల్ల మీద పెట్టాను.

"సార్, ఇందులో ఏది తప్పో చెప్పండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని పేజీలు తిప్పాడు. చదవలేదు, తిప్పాడు. "కీలో ఉన్న పాయింట్లు ఒక్కటీ లేవు కదా మేడం."

"కీలో ఏముంది?"

సొరుగులోంచి కాగితాలు తీశాడు. అడుగున గైడు కూడా ఉంది. దాన్ని చూసే కీ తయారుచేశారు. దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. మొదటి పాయింటు మీద వేలు పెట్టి నాకే చదివి వినిపించాడు. ఖాళీ భూమి. సాహసవంతులైన వలసదారులు. నాగరికత.

"ఈ వాక్యం నేను రాసింది సార్" అన్నాను. "పులివెందులలో. ఏమీ తెలియని రోజుల్లో. అది తప్పు."

ఆయన నవ్వాడు. "అదేంటి మేడం, మీ వాక్యమే కరెక్టని మేమంతా అంటుంటే మీరే తప్పంటారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. గొంతు పెంచాను. ఒక అమ్మాయి ఏడాది పోయిందన్నాను. కుర్చీ వెనక్కి తోసి లేచాను. ఆయన మొహం కూడా ఎర్రబడింది. "రోజుకు ఎన్ని కట్టలు దిద్దాలో మీకు తెలియదా? ప్రతి జవాబూ కూర్చుని చదివితే రిజల్ట్ ఎప్పుడివ్వాలి? మీరెలా దిద్దుతున్నారో చెప్పండి ముందు."

నేనూ అలాగే దిద్దాను. కింద గీతలు గీసిన మాటలు వెతికి, ఐదు పాయింట్లుంటే పద్నాలుగు, ఏడుంటే పదహారు. అన్నేళ్ళలో నా ఎర్ర పెన్ను కింద ఎందరు నాగవేణిలు పోయారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఈ వృత్తిలో మనం చేసే హాని పెద్దది, కాని రక్తం కనబడదు. అందుకే రోజంతా చేసి, సాయంత్రం టీ తాగి ఇంటికి పోగలుగుతాం.

నేను చెప్పిన సలహా

సప్లిమెంటరీ పరీక్ష వచ్చింది. నాగవేణి మా ఇంటికొచ్చి, "ఏం రాయమంటారు మేడం?" అని అడిగింది.

నేను చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. తెలియక చేసింది కాదు, తెలిసి చేసింది.

"గైడులో ఉన్నట్టు రాయి. పాసై బయటపడు. తర్వాత చూద్దాం" అన్నాను.

ఆమె కళ్ళు నా మొహం మీద నుంచి కదల్లేదు. "ఖాళీగా ఉండిందని రాయల్లా?"

"రాయి."

"మా ఊరు గూడా రేపు అట్లే రాస్తారు గదా మేడం."

నాతోపాటే ఉండే మా చెల్లెలు టీ తెచ్చింది. నాగవేణి తాగకుండా లేచి వెళ్ళిపోయింది. పరీక్షలో ఆ ప్రశ్నే మళ్ళీ వచ్చింది. రాసింది, పాసైంది. ఆ పేపరులోనే అన్నిటికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మార్కుల లిస్టు తెచ్చి నాకు చూపించి, మడిచి పెట్టుకుంది. మరుసటేడు బి.ఎడ్.లో చేరింది.

వాళ్ళ ఇంటి సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఐదుగురు మనుషులు ఆఫీసు ముందు నిలబడి మేము ఆ ఇంట్లో ఉన్నామంటే చెల్లలేదు. చివరికి పంచాయతీ మరణాల రిజిస్టరులో వాళ్ళ అవ్వ పేరు, ఆ ఇంటి నంబరుతో సహా దొరికింది. చనిపోయిన మనిషి సాక్ష్యం మీద ఆ ఇంట్లో మనుషులున్నారని ఒప్పుకున్నారు. పునరావాస కాలనీలో చివరి వరసలో జాగా ఇచ్చారు. ఆమె తండ్రి నాతో చెప్పిన మాట ఒకటే. "మాయమ్మ సచ్చిపోయి మమ్మల్ని బతికించింది తల్లీ. బతికుంటే ఆమెను గూడా ఖాళీ అనేవోల్లు."

పాఠం తీసేశారు

సిలబస్ కమిటీలో నాకు చోటు దొరికేసరికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. మొదటి సమావేశంలోనే ఆ యూనిట్ సంగతి ఎత్తాను. వాక్యం మార్చండి, అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్ళను చేర్చండి, మామూలు మనుషుల రోజువారీ బతుకును చేర్చండి అని రెండు పేజీలు రాసుకుపోయి చదివాను. అందరూ విన్నారు. ఒక పెద్దమనిషి బాగుందన్నాడు. ఇంకొకాయన, ఇది చేరిస్తే నిర్వాసితులు, భూములు అని పిల్లలు ఏవేవో మాట్లాడతారు, మనకెందుకు వివాదం అన్నాడు. అరగంట తర్జనభర్జన తర్వాత అందరికీ నచ్చిన పరిష్కారం దొరికింది. యూనిట్ మొత్తం తీసేశారు.

అబద్ధాన్ని సరిచేయండి అని అడగడానికి వెళ్ళాను. అబద్ధంతోపాటు నిజం చెప్పే వీలును కూడా తీసుకుపోయారు. మినిట్స్‌లో నా పేరు కింద, సభ్యురాలి సూచన మేరకు తొలగించడమైనది అని రాశారు. సంతకం పెట్టనన్నాను. సంతకం లేకపోయినా చెల్లుతుందన్నారు. ఆ ఆదివారం పులివెందుల నోట్సుతో మొదలుపెట్టి నా దగ్గరున్న నోట్సులన్నీ పెరట్లో వేసి అంటించాను. చెల్లెలు నాకు పిచ్చెక్కిందనుకుంది.

కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పగలిగింది నా దగ్గర కొంచెమే ఉంది. తరగతిలో ఎవరైనా లేచి అడిగితే సిలబస్‌లో లేదని కూర్చోబెట్టకండి. తెలియకపోతే తెలియదనండి, రేపు చెప్తానని చెప్పి, చదివి, రేపు చెప్పండి. జవాబు పత్రం చేతికొస్తే చదవండి. కట్టలు మిగిలిపోతే మిగిలిపోనివ్వండి, తిడితే తిట్టనివ్వండి. నేనివి చేయని రోజులే ఎక్కువ. అందుకే చెప్తున్నాను.

కాలనీ బడిలో

రిటైరైన తర్వాతి ఏడు నాగవేణి ఫోన్ చేసింది. డి.ఎస్.సి.లో సోషల్ టీచరుగా ఎంపికై, పోస్టింగు మారి మారి, వాళ్ళ కాలనీ పిల్లలు చదివే హైస్కూలుకే వచ్చిందట. "ఒకసారి రాండి మేడం, మా పిల్లోల్లకు పిడకల పాఠం చెప్పండి" అంది. ఆమె నన్ను పిలుస్తుందని నేను అనుకోలేదు.

వెళ్ళాను. ఎనిమిదో తరగతి పిల్లలకు పేడ, మట్టిమిద్దె, మిడతల దండు చెప్పాను. వాళ్ళలో చాలామంది పాత ఊళ్ళను చూడనైనా చూడలేదు. పాఠమయ్యాక వరండాలో కూర్చున్నాం. ఎదురుగా ఒకే రంగు ఇళ్ళ వరసలు, మధ్యలో ఇంకా ఎత్తు పెరగని వేప మొక్కలు. ఎన్నో ఏళ్ళుగా నాలుక మీద ఆడుతున్న మాట అప్పుడు అనగలిగాను.

"ఆరోజు గైడులో ఉన్నట్టు రాయమని చెప్పకుండా ఉండాల్సింది నాగవేణీ. నన్ను తిట్టుకుని ఉంటావు."

"తిట్టుకున్న్యా మేడం" అంది మొహమాటం లేకుండా. "శానా తిట్టుకున్న్యా. కానీ మీరు చెప్పినట్లే రాసినా. గైడులో ఉండేది అక్షరం తప్పకుండా రాసినా. ఆఖర్న ఇంకో లైను నేను కలిపినా."

"ఏం లైను?"

"పైన రాసిందంతా అబద్ధం, ఆ నేల మీద మనుషులు ఉండిరి అని."

నేను ఆమె మొహంలోకి చూశాను. పరాచికమాడటం లేదు.

"ఆ పేపరుకే కదా నీకు అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చింది?"

"అవును మేడం." లోపల బెల్లు కొట్టారు. ఆమె లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చాక్‌పీసు చేతిలోకి తీసుకుంది. "ఎవురూ సదవలా. సదివింటే ఫెయిలు చేసేవోల్లు."